పసిగుండె పంటదాకా ఆగుతుందా?

తొలకరి పడగానే ఆలూర్‌ చేలల్లో పసుపు కొమ్ము నేలలోకి దిగుతుంది. ఆపైన ఎనిమిది తొమ్మిది నెలల ఓపిక! సంక్రాంతి దాటాక తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి నిజామాబాద్‌ యార్డుకు తోలితేగానీ చేతిలో డబ్బు ఆడదు. ఆర్మూరు ప్రాంతంలో పెళ్లిళ్లయినా, అప్పులు తీర్చడమైనా ఆ లెక్కమీదే.

డౌన్‌ సిండ్రోమ్‌తో పుట్టిన పాపాయి వైద్యానికి మాత్రం ఆ లెక్క కుదరదు. కణాల్లో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటమే ఈ సమస్య. అమ్మ తప్పూ కాదు, నాన్న తప్పూ కాదు. ఇలాంటి పిల్లల్లో దాదాపు సగంమందికి గుండెలో లోపం ఉంటుంది. పెద్ద రంధ్రమైతే సాధారణంగా ఆర్నెల్లలోపే ఆపరేషన్‌ చేయాలి. ఆలస్యమైతే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడి, ఇక ఆపరేషన్‌కే వీల్లేకుండా పోవచ్చు.

మూడు మజిలీలు
ఆలూర్‌వాసులు ఏ ఆసుపత్రికి బయల్దేరినా తొలి మజిలీ ఆర్మూరే. 44, 63 నంబరు జాతీయ రహదారులు కలిసేది అక్కడే. 63 మీద పాతిక కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే నిజామాబాద్‌. 2013లో వైద్య కళాశాల వచ్చింది. థైరాయిడ్‌, వినికిడి, చూపు... ఈ పిల్లలకు జీవితాంతం తరచూ చేయించాల్సిన పరీక్షలివి. వీటికోసం పట్నం దాకా పోనక్కర్లేదు.

44 మీద సుమారు 180 కిలోమీటర్లు వెళ్తే హైదరాబాద్‌. క్రోమోజోముల పరీక్షకు బేగంపేటలోని జన్యువ్యాధుల ఆసుపత్రి, మాటా నడవడికా నేర్పే శిక్షణకు 1984లో ఏర్పాటైన మనోవికాస్‌నగర్‌ జాతీయ సంస్థ అక్కడే ఉన్నాయి. పసివాళ్ల గుండె ఆపరేషన్లకూ ఆ దారే. ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో టికెట్టు లేదు. కానీ తోడు వెళ్లినవాళ్లు పోగొట్టుకునే కూలికి, పట్నంలో తిండికీ బసకూ ఏ కార్డూ లేదు. రెండోసారి రమ్మన్న తేదీ తప్పిపోయేది అక్కడే!

ముందే అడగండి
స్టెతస్కోపుకు ఏ శబ్దమూ వినిపించకపోయినా గుండెలో లోపం ఉండొచ్చు. అందుకే డౌన్‌ సిండ్రోమ్‌ అనుమానం రాగానే ‘ఎకో ఎక్కడ తీయించాలి?’ అని కాన్పయిన ఆసుపత్రిలోనే అడగాలి. 1980ల్లో సంపన్న దేశాల్లోనూ వీరి సగటు ఆయుష్షు పాతికేళ్లే. ఇప్పుడక్కడ అరవైకి చేరువైంది. వేళకు అందిన వైద్యమే ఆ తేడాకు ప్రధాన కారణం. ఆలూర్‌ పాపాయికీ ఆ ముప్ఫై అయిదేళ్లు దక్కాలంటే మొదటి ప్రయాణం మొదటి నెలల్లోనే జరగాలి.