బొమ్మకూ అద్దానికీ మధ్య

బూర్గంపాడులో పటాలు కట్టే దుకాణం చూసి రమ్మని పత్రిక పంపింది. గోడల నిండా దేవుళ్లూ పెళ్లి ఫోటోలూ ఉన్నా చూపు దుకాణదారు చేతుల మీదే నిలిచిపోయింది. బీడింగును 45 డిగ్రీలకు కోసి, రెండు మూలలూ కలిపి వెలుతురుకు పట్టి చూస్తాడు. వెంట్రుకంత సందున్నా మళ్లీ చిత్రిక పడతాడు. బల్ల మీద ఓ బడిపిల్ల వేసిన కోయల కొమ్ము నృత్యం బొమ్మ ఉంది. "కాయితం బొమ్మకి మధ్యలో అట్టెందుకన్నా, అద్దం పెట్టి బిగించెయ్" అని తండ్రి సణిగాడు. "అద్దానికి అంటితే రెండు వానలకే బూజు పడుద్ది తమ్ముడూ" అంటూనే ఆయన అట్టను కిటికీలా కోశాడు.

ఆ మాట అక్షరాలా నిజం. కిన్నెరసాని గోదావరిలో కలిసే తావు ఇది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు ఇక్కడా ఇళ్లు మునిగాయి. వరద రాని ఏడాదీ గోడలకు చెమ్మ తప్పదు. అద్దం లోపల పట్టిన ఆ చెమ్మ తగిలితే రంగు ఊరుతుంది, ఫోటో అయితే పైపొర అద్దానికే అతుక్కుపోతుంది. మధ్య అట్ట ఇచ్చే ఆ కాస్త ఖాళీయే బొమ్మకు ఊపిరి. వెనక వేసేది నాసిరకం అట్టయితే అందులోని ఆమ్లం కాగితాన్ని పసుపెక్కించి పెళుసు చేస్తుంది. దేశంలోని పెద్ద పేపర్‌బోర్డు మిల్లుల్లో ఒకటి ఇదే మండలం సారపాకలో ఉంది, కానీ బొమ్మ వెనక మంచి అట్ట వేయమని అడిగేవాళ్లు లేరు. ఖర్చంటారు. బంగారు రంగు బీడింగుకు పెట్టే డబ్బులో కొంత తగ్గించి సాదా చెక్క తీసుకుంటే, ఆ మిగులుతోనే అట్ట వస్తుంది. మెరుపుకు ఇస్తున్నాం, కాపుదలకు ఇవ్వడం లేదు.

ఖర్చుకన్నా బలమైన అభ్యంతరం కోయల పడిగెకు పటం కట్టడం గురించి. వేల్పుల బొమ్మలున్న ఆ గుడ్డజెండాను కొలుపులప్పుడు బయటికి తీస్తారు, డోలి కళాకారులు కథ చెబుతారు, మళ్లీ భద్రంగా దాస్తారు. దాన్ని అద్దం వెనక బిగించడం అన్యాయమే, కొలుపులో ఉన్న పడిగె జోలికి ఎవరూ పోకూడదు. మ్యూజియం చేరిన పడిగె సంగతి వేరు. మేకులు కొడితే గుడ్డ తన బరువుకే చిరుగుతుంది, పైఅంచున పట్టీ కుట్టి కర్రకు ఎక్కిస్తే బరువు సమంగా పడుతుంది. కింద "గిరిజన కళ" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే చూసేవాడు ఆగడు. ఏ గట్టు (గోత్రం) వాళ్లదో, ఏ వేల్పుదో, ఎవరు వేశారో, కథ ఏ బొమ్మ దగ్గర మొదలవుతుందో రాయాలి. మణుగూరు మండలం కూనవరం డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటి గొంతు పక్కన వినపడకపోతే పడిగె సగమే కనిపించినట్టు. భద్రాచలం ఐటీడీఏ మ్యూజియమైనా ఊరి బడైనా బొమ్మకు లెక్క రాసేటప్పుడే అట్టకూ కర్రకూ పేరుపలకకూ పద్దు రాయాలి, ఆ పనిని ఈ చుట్టుపక్కల పటాలు కట్టేవాళ్లకే ఇవ్వాలి.