విప్పడానికి వీలైన అతుకు

మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం చేసి అక్కడే పదవీ విరమణ పొందారు. రైలు ఉద్యోగాల కోసం ఆంధ్ర తీరం నుంచి ఆ ఊరికి తరలివెళ్లి స్థిరపడిన అనేక తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, వర్క్‌షాపులో హిందీ. ఈ మూడింటికీ చెందని వస్తువొకటి మా ముందుగదిలో గోడకు వేలాడుతూ ఉండేది. అది హవాయి గిటారు. ఒడిలో వెల్లకిలా పెట్టుకొని, ఎడమచేతి ఉక్కు కడ్డీని తంత్రులపై జార్చుతూ వాయించే ఆ వాద్యానికి ఒకప్పుడు బెంగాలులో గొప్ప ఆదరణ ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాన్నగారు దానిని కలకత్తాలో కొన్నారు. ఆదివారం సాయంత్రం ఆయన గిటారు అందుకున్నారంటే వీధిలో ఆడుకుంటున్న పిల్లలమందరం వరండా మెట్ల మీదికి చేరేవాళ్లం.

2003 వానాకాలంలో ఆ గిటారు బ్రిడ్జి ఊడింది. బ్రిడ్జి అంటే తంత్రులను మోసే చెక్కపట్టీ. ఆరు ఉక్కు తంత్రులనూ శ్రుతి చేస్తే వాటి మొత్తం బిగువు సుమారు 70 కిలోల బరువుకు సమానమవుతుంది. ఆ లాగుడంతటినీ ఓర్చుకొనేవి రెండే: మూడు మిల్లీమీటర్ల మందమైనా ఉండని పై పలక, దానికీ బ్రిడ్జికీ నడుమనున్న పలుచని జిగురు పొర.

అప్పుడు నేను చరిత్రలో ఎం.ఏ. చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చాను. నాన్నగారిని సంతోషపెట్టాలన్న ఉబలాటంతో, ఆయన డ్యూటీకి వెళ్లిన వేళ, రెండు గొట్టాల ఎపాక్సీ కొని తెచ్చి, కలిపి, దట్టంగా పూసి, బ్రిడ్జిని అదిమి, పైన రెండు ఇటుకలు పెట్టాను. మరునాటికి అది రాయిలా బిగిసింది. నాన్నగారు బొటనవేలితో నొక్కి చూసి, “గట్టిగా పట్టిందిరా” అన్నారు. ఆ మాటకు నేను పొంగిపోయాను.

ఆ తరువాత ఆయన గిటారు పట్టుకోవడం క్రమంగా తగ్గింది. వయసు మీద పడుతున్నదనుకున్నాను. ఎందుకని అడగలేదు.

2022లో నాకు కోల్‌కతాకు బదిలీ అయింది. అమ్మా నాన్నగారూ నా దగ్గరికి వచ్చారు. సామానుతో పాటు గిటారూ వచ్చింది. లోపల ఏదో పుల్ల కదులుతున్న చప్పుడు వినిపిస్తే, రవీంద్ర సరణి సమీపంలోని ఒక సందులో వాద్యాలు బాగుచేసే వృద్ధుడి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన గిటారును వెలుతురుకు ఎత్తి చూశారు. ఒక బద్దను తంత్రుల పొడవునా ఆనించి కొలిచారు. “ఈ పని చేసిన మహానుభావుడెవరు బాబూ?” అన్నారు. “నేనే దాదా” అన్నాను.

బ్రిడ్జి వంకరగా అతుక్కుంది. ఒక కొసకూ మరొక కొసకూ నాలుగు మిల్లీమీటర్ల తేడా. వేళ్లతో నొక్కి వాయించే గిటారులోనూ ఇది దోషమే కాని, హవాయి గిటారుకు మరీ కీడు. కడ్డీ తిన్ననిది. తంత్రుల పొడవులు సమానంగా లేకపోతే, తిన్నని కడ్డీ కింద అవి ఏకకాలంలో శ్రుతిలో పలకవు. ఒక తంత్రి సరిపోతే మరొకటి తప్పుతుంది. నాన్నగారు ఎందుకు మానేశారో ఆ నాలుగు మిల్లీమీటర్లలో నాకు బోధపడింది. పందొమ్మిదేళ్లుగా ఆయన ఆ మాట నాతో అనలేదు.

లోపల కదులుతున్నది పై పలకను బలపరిచే ఒక పక్కబద్ద. అది సగం ఊడి ఉంది. దాదా పలుచని కత్తిని వేడినీటిలో ముంచి మిగిలిన అతుకులోకి మెల్లగా పోనిచ్చారు. బద్ద చెక్కుచెదరకుండా చేతిలోకి వచ్చింది. “ఇది శిరీష్ ఆఠా. వేడికీ తడికీ మాట వింటుంది. నీ ఎపాక్సీ ఎవరి మాటా వినదు” అన్నారు. ఆ పేరు వినగానే దిరిసెన చెట్టు బంక కాబోలనుకున్నాను. కాదు. పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన జిగురుకు బెంగాలీలో ఆ పేరు. హిందీలో ‘సరేస్’ అంటారు. రెండూ పారసీక పదం నుంచి వచ్చినవే.

చరిత్ర విద్యార్థికి ఇలాంటి మాట ఒకటి దొరికితే చాలు, దాని వెంట నడుస్తాడు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. కల్యాణి చాళుక్య ప్రభువు సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో, చిత్రకారుల కోసం దున్నతోలును ఉడికించి వజ్రలేపం తయారుచేసే విధానం ఉంది. ఇటలీలో 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని తన చిత్రకళా గ్రంథంలో చేపజిగురును ప్రస్తావిస్తూ, వీణ వంటి ల్యూట్ వాద్యాలను బాగుచేయడానికి అది శ్రేష్ఠమన్నాడు. గిటారుకు చేపజిగురు వాడటం నేటి వింత కాదన్నమాట.

ఈ కథలో మన తీరానికీ పాత్ర ఉంది. చేప కడుపులోని గాలితిత్తిని ఎండబెడితే శ్రేష్ఠమైన జిగురు వస్తుంది. ఆంగ్లేయులు దానిని రష్యా నుంచి కొని, ముఖ్యంగా బీరును తేటపరచడానికి వాడేవారు. ఆ సరకు భారత తీరాలలోనే దొరకగలదని చూపుతూ జాన్ ఫోర్బ్స్ రాయల్ 1842లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆయన ఆశలు పెట్టుకున్నది తెలుగువారు మాగ అని పిలిచే చేపల కుటుంబం మీద. అంతకు ముందే, 1803లో, విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపలను బొమ్మలతో సహా వర్ణించిన పాట్రిక్ రస్సెల్, వాటి తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. మా తాతగారి ఊరి బెస్తల మాటలు లండన్ ముద్రణలో అలా నిలిచాయి.

దాదా బల్ల మీద ఒక చిన్న సీసా ఉంది. విదేశీ సరకు, కాడ్ వంటి చల్లని సముద్రపు చేపల చర్మాల నుంచి తీసిన జిగురు. పశువుల జిగురును నీటిపాత్రలో సుమారు 60 డిగ్రీల వేడి మీద ఉంచి వాడాలి. పూసిన నిమిషంలోపే అది గడ్డకట్టడం మొదలుపెడుతుంది, చేయి తడబడితే అంతే. చల్లని నీటి చేపల జిగురు మామూలు వేడిమిలోనే ద్రవంగా ఉంటుంది. బ్రిడ్జిని పెట్టి, చూసి, జరిపి, మళ్లీ కొలిచి బిగించేందుకు వ్యవధినిస్తుంది. ఆరితే గాజులా గట్టిపడుతుంది. అందువల్ల తంత్రుల లాగుడుకు మెల్లమెల్లగా జారిపోదు, ధ్వనిని మింగదు. దాని బలహీనత తేమ. “అందుకే వర్షాలలో చేయను. పూజ వెళ్లాక రా” అన్నారు దాదా.

దుర్గాపూజ అయ్యాక వెళ్లాను. ఎపాక్సీని విడదీయడానికే ఆయనకు మూడు రోజులు పట్టింది. ఎంత జాగ్రత్తపడినా పై పలకలోని నార కొంత దానితోనే లేచి వచ్చింది. అక్కడ కొత్త చెక్క పొదిగారు. ఆ మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది. తరువాత చేపజిగురు పూసి, బద్దతో కొలిచి, బ్రిడ్జిని సరిచేసి, రాత్రంతా బిగించి ఉంచారు. కొన్నాళ్లు ఆరనిచ్చాకనే తంత్రులు ఎక్కించారు.

పురావస్తువులను సంరక్షించేవారు పాటించే సూత్రం ఒకటుంది: రేపు మరొకరు వచ్చి విప్పడానికి వీలుకాని మరమ్మతు ఈనాడు చేయకూడదు. రాలిపోతున్న వర్ణచిత్రాల పొరలను వారు నేటికీ స్టర్జన్ చేప జిగురుతో నిలుపుతున్నారు. మన వీణకు మెట్లను మైనంలో నిలపడంలోనూ ఈ వివేకమే ఉంది. కాలం గడిచి స్వరం తప్పితే మైనాన్ని కరిగించి మేళం మళ్లీ కడతారు. ఉద్యోగ జీవితంలో ‘శాశ్వత పరిష్కారం’ అనే మాటను నేను ఎన్ని ఫైళ్లలో రాశానో లెక్కలేదు. ఇప్పుడు ఆ మాట రాయబోయే ముందు, నా కలం ఒక క్షణం ఆగుతుంది.

గిటారు ఇంటికి తెచ్చిన రోజున అమ్మ, “చేపజిగురుతో అతికించినదాన్ని వసంత పంచమికి సరస్వతి ముందు పెట్టవచ్చునట్రా?” అని సందేహించింది. “మృదంగం తోలుకు లేని మైల దీనికెక్కడిదే?” అని నాన్నగారు నవ్వారు. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. కడ్డీని తంత్రుల మీద అడ్డంగా ఆనించి, ఆరింటినీ ఒక్కసారి మీటారు. అన్నీ కలిసి పలికాయి. చాలాసేపు ఆ ధ్వని అణగేదాకా తల వంచుకొని విన్నారు.

“నాన్నగారూ, అప్పుడే చెప్పవలసింది కదా” అన్నాను.

ఆయన దానికి జవాబు చెప్పలేదు. మునుపటిలాగే బొటనవేలితో బ్రిడ్జిని నొక్కి చూశారు. “వానాకాలంలో మళ్లీ ఊడితే?” అన్నారు.

“మళ్లీ అతికిస్తారట.”

“అయితే మంచి పనే” అని, కడ్డీ తిరిగి చేతికి తీసుకున్నారు.