సనదు అడగడం అమర్యాద కాదు

మదరసాలో హదీసు విద్యను అభ్యసించే విద్యార్థి తొలుత ఒక క్రమశిక్షణ నేర్చుకుంటాడు. ఒక ఉల్లేఖనాన్ని స్వీకరించే ముందు దాన్ని ఎవరు చెప్పారు, ఎవరి వద్ద విన్నారు, వారు విశ్వసనీయులేనా అని విచారించడమే అది. ముహద్దిసులు ఒక్కొక్క ఉల్లేఖకుని జీవితాన్నీ పరిశీలించారు. దాన్ని ఎవరూ అమర్యాదగా భావించలేదు. ధర్మాన్ని కాపాడే బాధ్యతగా గుర్తించారు. ప్రాణానికీ మనసుకూ సంబంధించిన విషయంలో కూడా మనకు ఇదే జాగ్రత్త అవసరం.

మా సెంటినరీ కాలనీలో ఒక గని ఉద్యోగి కుమారుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. ఆ అబ్బాయికి ఒకసారి చేసిన వుజూతో తృప్తి కలిగేది కాదు. కడిగిన చేతులే మళ్ళీ మళ్ళీ కడుగుతూ, జమాఅత్ ముగిసేదాకా కుళాయి దగ్గరే ఉండిపోయేవాడు. చేతుల చర్మం పగిలింది, చదువు ఆగిపోయింది. బంధువుల్లో కొందరు జిన్ను పట్టిందన్నారు, మరికొందరు భక్తి ఎక్కువైందన్నారు. తండ్రి నా వద్దకు వచ్చి, "హజ్రత్, ఏదైనా తావీజు ఇవ్వండి" అని అడిగారు. "దుఆ తప్పక చేస్తాను భాయ్. అయితే ఇది ముదిరిన వస్వసా. దీనికి వైద్యం ఉంది" అన్నాను.

ఈ మాట కొత్తది కాదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్-బల్ఖీ దేహ, మానసిక ఆరోగ్యాలను కలిపి రాసిన గ్రంథంలో వస్వసాను మనోవ్యాధిగా వివరించి, దాని చికిత్సను కూడా చర్చించారు. అల్లాహ్ ప్రతి వ్యాధికీ నివారణను పంపాడని, చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు.

ఆ కుటుంబం హైదరాబాద్‌లో వాకబు చేసింది. బోర్డులకు కొదవ లేదు. ఒకచోట మూడు సిట్టింగుల్లో నయం చేస్తామని చెప్పి పెద్ద మొత్తం ముందే అడిగారు. అర్హత ఏమిటంటే కొద్ది వారాల శిక్షణా పత్రం చూపించారు.

ఇక్కడ తేడా తెలిసి ఉండాలి. సైకియాట్రిస్టు వైద్యవిద్య చదివిన డాక్టరు, మందులు రాస్తారు. ఆయన పేరు వైద్య మండలిలో నమోదై ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తారు. 1992 నాటి చట్టం ప్రకారం వారి పేరు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) కేంద్ర రిజిస్టరులో ఉండాలి. నమోదు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ రిజిస్టరును ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టినవారిలో ఏళ్ల తరబడి చదివినవారూ ఉన్నారు, వారాలు మాత్రమే చదివినవారూ ఉన్నారు. కాబట్టి అడగక తప్పదు.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని అబూ దావూద్ సంకలనంలోని హదీసు తెలుపుతోంది. రోగి తరఫువారు అర్హత విచారించడం ఆ బోధనకు అనుగుణమే.

చివరికి వారు రిజిస్టరులో పేరు చూసుకొని ఒక మహిళా సైకాలజిస్టును కలిశారు. నంబరు అడిగితే ఆమె నొచ్చుకోలేదు, వెంటనే చూపించారు. ఉర్దూలో మాట్లాడగలగడం తల్లికి ధైర్యాన్నిచ్చింది. ఒక్కసారే కడిగి, ఆపై కలిగే ఆందోళనను ఓర్చుకోవడమే ఆమె నేర్పిన అభ్యాసం. షరీఅత్ ఏమంటుందో నన్ను అడిగి రమ్మని కూడా అబ్బాయికి చెప్పారు. నిశ్చయంగా ఉన్నది సందేహంతో తొలగిపోదనే ఫిఖ్హ్ సూత్రాన్ని నేను వివరించాను. రెండు మాటలూ ఒకే దారి చూపాయి. కోలుకోవడానికి నెలలు పడుతోంది. అయినా అబ్బాయి ఇప్పుడు తొలి రకాతుకే సఫ్‌లో నిలబడుతున్నాడు.

హైదరాబాద్ వెళ్లే స్తోమత లేనివారు ముందుగా 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ ఇది. ఉచితం, రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ ఊరి పేరును ఎగతాళిగా వాడే అలవాటును మన ఇళ్లలోనైనా మానుకోవాలి. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆదేశిస్తోంది. కనుక ఆడపిల్ల పెళ్లి ఆగిపోతుందనే భయంతో ఆమె బాధను దాచిపెట్టకండి.

వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ స్వస్థతను, వారి కుటుంబాలకు సరైన తలుపు తట్టే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.