నాన్న సీటు కింద 48 వాట్లు

మా నాన్న జీపులో డ్రైవరు సీటు మీద ఎప్పుడూ ఒక గోనెసంచి, దాని మీద నాలుగు మడతలు పెట్టిన పాత దుప్పటి ఉండేవి. చిన్నప్పుడు అదేదో డ్రైవర్లకి ఇచ్చే హోదా అనుకునేవాణ్ణి. ఆ దుప్పటి కింద స్పాంజి అన్నదే లేదని, నాన్న ఇన్నేళ్లూ దాదాపు రేకు మీదే కూర్చుని బండి నడిపాడని నాకు సెకండియర్‌లో గానీ తెలియలేదు.

మాది లంబసింగి దగ్గర చిన్న పల్లె. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట ఉండిపోతే మనిషి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. టీవీవాళ్లు ‘ఆంధ్రా కశ్మీర్’ అని పేరు పెట్టాక వైజాగ్ నుంచి, హైదరాబాద్ నుంచి జనం దిగడం మొదలైంది. దాంతో నాన్న సంత ట్రిప్పులు తగ్గించి, చలికాలమంతా టూరిస్టుల్ని చెరువులవేనం కొండ మీదకి మబ్బులు చూపించడానికి తీసుకెళ్తున్నాడు. మూడున్నరకి బండి స్టార్ట్ చేస్తే తిరిగి ఇంటికొచ్చేసరికి తొమ్మిది. జీపుకి పైన టాపు ఉంది గానీ పక్కన తలుపుల్లేవు. కింద లీఫ్ స్ప్రింగులు, రోడ్డేమో సగం రాళ్లు, సగం గోతులు. ఇంటికి రాగానే నాన్న గోడకి నడుం ఆనించి ఓ పావుగంట మాట్లాడకుండా కూర్చుంటాడు. అమ్మ కూడా ఆ పావుగంట పలకరించదు.

థర్డియర్ దసరా సెలవులకి రెండు పనులు చేద్దామని వెళ్లాను. సీటుకి కొత్త కుషను వేయడం, దానిలో హీటర్ పెట్టడం. హీటర్ కిట్టు ఆన్‌లైన్లో 1,900 పడింది. ఆ డబ్బులు రూమ్మేట్ దగ్గర అప్పు, ఇంకా తీరలేదు, ఈ వ్యాసం వాడూ చదువుతాడు.

సీటు విప్పి నర్సీపట్నంలో సీట్లు కుట్టే బాబాయి దగ్గరికి పట్టుకెళ్లాం. రెగ్జిన్ కోయగానే పాత స్పాంజి పసుప్పచ్చ పొడిలా రాలింది. అందులో వేరుశెనగ తొక్కలు, రెండు రూపాయల బిళ్ళ ఒకటి, ఎవరో పిల్లదాని పట్టీ మువ్వ దొరికాయి. నేను షాపులో అన్నిటికంటే మెత్తగా ఉన్న స్పాంజి చూపించాను. బాబాయి దాని మీద పిడికిలి పెట్టి నొక్కాడు. పిడికిలి కింద చెక్కకి టక్కుమని తగిలింది.

“కూకుంటే బాగుంటాది బాబూ. గోతిలో పడితే మీ నాన్న నడుం రేక్కే తగుల్తాది” అన్నాడు.

స్పాంజిలో డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు అని అక్కడే తెలుసుకున్నాను. 40 డెన్సిటీ అంటే ఘనపు మీటరుకి 40 కిలోల బరువు అని, అంతే. అది ఎన్నాళ్లు మన్నుతుందో దాన్నిబట్టి కొంత చెప్పొచ్చు గానీ, ఎంత మెత్తగా ఉంటుందో చెప్పలేం. చివరికి కింద రెండంగుళాలు రీబాండెడ్, అంటే స్పాంజి ముక్కలు ఒత్తి చేసిన గట్టి రకం, పైన రెండంగుళాలు 40 డెన్సిటీ వేశాడు. నాన్న ఎక్కి కూర్చుని స్టీరింగ్ పట్టుకుని దిగిపోయాడు. అద్దం పైకమ్మీ సరిగ్గా కళ్లకి అడ్డమొస్తోందట, క్లచ్చి మీద కాలు పూర్తిగా ఆనట్లేదట. గోనెసంచి ఎత్తుకి అలవాటు పడ్డ మనిషిని ఒక్కసారి అంత పైకి లేపితే అంతే మరి. పై పొరలో అంగుళం కోయించాం.

ఇక హీటర్. కార్బన్ ఫైబర్ ప్యాడ్లు రెండు, ఒకటి కూర్చునే చోట, ఒకటి వీపు దగ్గర. మల్టీమీటర్‌తో చూస్తే ఒక్కోటి 6 ఓమ్‌లు. 12 వోల్టులకి ఒక్కోటి 24 వాట్లు, రెండూ కలిపి 48, కరెంటు 4 యాంపియర్లు. హెడ్‌లైట్లు రెండూ కలిపి తీసుకునేదానిలో సగం కూడా లేదు. బ్యాటరీ నుంచి 10 యాంప్స్ ఫ్యూజు, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటేనే పనిచేసేలా రిలే. ఇంజిన్ గదికీ లోపలికీ మధ్య రేకులో చిల్లు కొట్టి, రేకు అంచు వైరుని కోసేయకుండా రబ్బరు గ్రోమెట్ పెట్టాను. చాసిస్ మీద పెయింటు గీకి, మెరిసే ఇనుము కనపడ్డాక ఎర్త్ బిగించాను. హై-లో స్విచ్చి కూడా. హైలో రెండు ప్యాడ్లూ ప్యారలల్, లోలో రెండూ సిరీస్. సిరీస్‌లో ఒక్కోదానికి సగం వోల్టేజే అందుతుంది కాబట్టి వేడి నాలుగో వంతుకి పడిపోతుంది. ఫస్టియర్‌లో బట్టీ పట్టిన సూత్రం నాన్న సీటు కింద పనిచేస్తుంటే ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ప్యాడు స్పాంజి మీద పరిచి, దాని మీద రెగ్జిన్ వేసి కుట్టాలి. బాబాయి అన్నాడు, “గమ్ము రాసి అంటించీ బాబూ. ఎక్కి దిగతా ఉంటే ముద్దయిపోద్ది.” నేను వద్దన్నాను. ఏదైనా తేడా వస్తే మళ్లీ విప్పి టెస్ట్ చేయాలి కదా, డబుల్ టేప్ చాలు అన్నాను. ఆయన ఇంకోసారి చెప్పలేదు. ఇంజనీరింగ్ చదివే కుర్రాడితో వాదన ఎందుకనుకున్నాడేమో.

బండి ఆపి, బ్యాటరీ మీద పది నిమిషాలు నేనే కూర్చుని పరీక్షించాను. హాయిగా ఉంది. అదే నా టెస్టింగ్ రిపోర్టు.

నవంబరు నుంచి ఫోను చేసినప్పుడల్లా అడిగేవాణ్ణి. “బాగుందిరా, పొయ్యి కాడ కూకున్నట్టుంది” అనేవాడు. క్లాసులో అందరికీ చెప్పుకున్నాను. మినీ ప్రాజెక్టుగా పెడదామని కూడా అనుకున్నాను.

సంక్రాంతికి ఇంటికెళ్తే భోగి రోజున అమ్మ పక్కకి పిలిచింది. “మీ నాన్న తొడ వెనక మచ్చలేటో సూడరా. నాకు సెప్పొద్దంటాడు.” చూశాను. ఎడమ తొడ వెనక గోధుమరంగులో వల వేసినట్టు గీతలు. మధ్యలో ఒకచోట బొబ్బ చితికి, పుండై, ఎండీ ఎండనట్టు ఉంది.

“నొప్పి లేదా నాన్నా?”

“లేదురా. ఉంటే సెప్పనా?”

నిజంగానే లేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు అడిగింది మచ్చ గురించి కాదు, సుగర్ ఎన్నాళ్లనుంచి అని. తొమ్మిదేళ్లు. పాదాల దగ్గర్నుంచి పైకి దూదితో తాకుతూ, కళ్లు మూసుకుని చెప్పమంది. చాలాచోట్ల నాన్న చెప్పలేదు. కాళ్లు తిమ్మిరెక్కినట్టుంటాయని ఆయన ఎప్పట్నుంచో అంటూనే ఉన్నాడు, మేం కూర్చుని కూర్చుని వచ్చిందిలే అనుకున్నాం. వల లాంటి మచ్చలు నిప్పుకి దగ్గరగా రోజూ గంటలకొద్దీ కూర్చునేవాళ్లకి వస్తాయట. కశ్మీరులో ఫెరన్ లోపల కాంగ్డీ నిప్పుల కుంపటి పెట్టుకునేవాళ్లకి ఇలాంటివి మామూలేనని తర్వాత చదివాను. ఆంధ్రా కశ్మీర్ అని ఊరికే అన్నారా! అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం సీటు విప్పాను. ప్యాడు వెనక్కి జారి, కుట్టు దగ్గర మడత పడి ఉంది. రెండు పొరల వేడి ఒకేచోట, సరిగ్గా బొబ్బ ఉన్నచోట. కిట్టులో థర్మోస్టాట్ ఉంది, పనిచేస్తోంది కూడా. కానీ అది ప్యాడు మధ్యలో కుట్టి ఉంటుంది, తను ఉన్నచోట వేడే దానికి తెలుసు, మడత సంగతి తెలీదు. ఇంకో తప్పు కూడా నాదే. నేను లెక్క వేసింది 12 వోల్టులకి. ఇంజిన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ ఇచ్చేది 14 దాకా ఉంటుంది. వోల్టేజి వర్గం ప్రకారం 24 కాస్తా 33 వాట్లకి దగ్గరవుతుంది. చర్మం 44 డిగ్రీల దగ్గర ఆరు గంటలుంటే చాలు, కాలుతుంది. మూడున్నర నుంచి తొమ్మిది దాకా ఎన్ని గంటలో మీరే లెక్కేయండి. వేడెక్కువైతే మనిషి స్విచ్చి ఆపేస్తాడు కదా అన్న ధీమా మీద నా సర్క్యూట్ అంతా నిలబడింది. నేను పరీక్షించినప్పుడు థర్మామీటరు నా తొడే. నాన్న దగ్గర ఆ థర్మామీటరు లేదు.

నాన్న సీటులోంచి రెండు ప్యాడ్లూ తీసేశాను. ఆయన ఒప్పుకోలేదు. “అంత కట్టపడి పెట్టి తీసెత్తావేట్రా? నాకేటి కాలేదు” అని అమ్మ ముందు నన్నే వెనకేసుకొచ్చాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది. కుషను మాత్రం అలాగే ఉంచాం. నడుం నొప్పి తగ్గిందట, ఆ పావుగంట మౌనం ఇప్పుడు ఐదు నిమిషాలే. పక్కల్లోకి క్యాన్వాసు పరదాలు కుట్టించాం, అమ్మ ఉన్ని ప్యాంటు ఒకటి కొంది. పుండు మానడానికి నెల పైనే పట్టింది.

ప్యాడ్లు పారేయబుద్ధి కాలేదు. వాటిని తీసుకుని మళ్లీ బాబాయి దగ్గరికి వెళ్లాను. ఈసారి గమ్ము ఆయనే రాశాడు, నేను నోరెత్తలేదు. పక్కనున్న పాసింజరు సీట్లో పెట్టాం. పది నిమిషాలకి దానంతటదే ఆగిపోయే టైమర్ రిలే చేర్చాను. హై తీసేసి లో ఒక్కటే ఉంచాను, ఇంజిన్ నడుస్తుండగా రెగ్జిన్ మీద థర్మామీటర్ పెట్టి చూశాకే నర్సీపట్నం నుంచి కదిలాం.

ఇప్పుడు ముందు సీటుకి నాన్న యాభై రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నాడు. మొన్న నేనూ వెనక కూర్చుని వెళ్లాను. హైదరాబాద్ ఆయనెవరో ఎక్కి కూర్చుని, చేతులు రుద్దుకుంటూ, వేడి సీటు ఇదేనా అన్నాడు. నాన్న స్విచ్చి మీద వేలు పెట్టి ఆగాడు.

“సుగరుందా బాబూ తమరికి?”