మరల దొరికిన బండి

మా తండ్రిగారు ప్రతిదినమును తెల్లవారకమునుపే మోటారు సైకిలుపై పాలు కొనిపోయి యిండ్లకు పోయుదురు. ఆ యాదాయమే మా యింటి కాధారము. 2023 వ సంవత్సరము వర్షాకాలమున నొక రాత్రి యా బండి దొంగిలింపబడెను. ఠాణాలో ఫిర్యాదు చేసితిమి. పదునొకండు దినములు ఆయన పాలక్యానులను సైకిలునకు కట్టుకొని తిరిగిరి.

పండ్రెండవనాటి రాత్రి గస్తీ తిరుగుచున్న యిద్దరు కానిస్టేబుళ్లు ఒక బండిని నిలిపిరి. 2019 ఏప్రిల్ 1 వ తేది మొదలుకొని తయారైన బండ్లకు, విప్పిన మరల బిగింపరాని నెంబరు పలక లుండును. మాది యంతకు ముందుది. దొంగ పలకను మార్చివైచెను. చాసిస్‌పై చెక్కిన సంఖ్యను మాత్రము మార్చలేదు. వారిలో నొకరు వంగి, బురద తుడిచి, ఆ సంఖ్యను చదివిరి. రవాణాశాఖ వివరములతో పోల్చగా నిజము బయటపడెను. న్యాయస్థానపు టుత్తరువుపై బండి మాకు చేరెను.

వారికి ప్రశంసాపత్రము లొసంగిననాడు మా తండ్రిగారు నన్నుగూడ తోడ్కొనిపోయిరి. పోలీసువారనిన నాకదివఱకు భయమే. "మీ ఋణ మెట్లు తీర్చుకొనగలను?" అని ఆయన యడుగగా, "బండికి మరియొక తాళము వేయుడు" అని యా కానిస్టేబులు నవ్విరి.

సోదర విద్యార్థులారా! చేతికంటిన యా బురదకే ఆ పత్రము లభించెనని నా తలంపు.