తేడాల పట్టిక

ఒకే ఇంటిపేరు పెట్టుకున్నంత మాత్రాన అన్నదమ్ములంతా ఒకే తీరుగా మాట్లాడరు. కంప్యూటర్లూ అంతే. ఈ సంగతి పాఠకులకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. యంత్రాల గోల సాహిత్య పత్రికలో ఎందుకని మీరు అడగవచ్చు. కొంచెం ఓపిక పడితే మన ఇంటి సంగతే వస్తుంది.

నేను కామర్స్ చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. బ్యాంకుల్లో యంత్రాలు పెట్టడం గురించి రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చింది. నేను చేరేనాటికి శాఖల్లో లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు వచ్చేసినాయి. అప్పుడు పట్టుకున్న పిచ్చి ఇంకా వదల్లేదు. బెంగళూరు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల మధ్య పీడీపీ-11 కంప్యూటరు చేతిపుస్తకం ఒకటి దొరికితే ఊత్తంగరైకి తెచ్చుకున్నాను. ఆ యంత్రం నా దగ్గర లేదు. బాబ్ సుప్నిక్ అనే ఇంజనీరు 1993లో మొదలుపెట్టిన సిమ్‌హెచ్ అనే ప్రోగ్రాము ఉంది. ఇంట్లోని కంప్యూటరు దాని పుణ్యమా అని ఆ పాత యంత్రంలా నడుచుకుంటుంది. ఏ మోడల్ కావాలో చెప్తే ఆ మోడల్ వేషం కడుతుంది.

అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఈ కుటుంబంలో మొదటిదైన 11/20ని 1970లో తెచ్చింది. తర్వాత 11/40, 11/45, 11/70, 11/44 ఇలా తమ్ముళ్లు చాలామంది పుట్టారు. అన్నీ 16 బిట్ల యంత్రాలే. ప్రోగ్రాముకు ఒకసారికి కనిపించేవి అందరిలోనూ ఎనిమిది సాధారణ రిజిస్టర్లే. ఒకదానికి రాసిన ప్రోగ్రాము ఇంకొకదానిలో చాలావరకు నడుస్తుంది. ఆ 'చాలావరకు' దగ్గరే కథంతా ఉంది.

11/20కి గుణకారం ఆదేశం లేదు. ఎక్కాలు రాని గుమాస్తా అన్నమాట. కూడికలతోనే గుణకారం చెయ్యాలి. 11/45కి ఆ ఆదేశం పుట్టుకతోనే ఉంది. 11/40కి అదనంగా డబ్బిచ్చి కొనుక్కోవాలి. తెలియని ఆదేశం వస్తే యంత్రం పని ఆపి, జ్ఞాపకంలో ఒక నిర్ణీతమైన చోటు చూస్తుంది. అక్కడ తెలివైనవాడు ఒక చిన్న ప్రోగ్రామును కాపలా పెడతాడు. 'నీకు రాదా? సరే, నేను కూడి ఇస్తా' అని అది పని ముగించి పంపిస్తుంది. అడిగినవాడికి తేడాయే తెలియదు.

మరికొన్ని తేడాలు ఇంతకంటే సూక్ష్మం. ఒక మాటలోని రెండు బైట్లను తారుమారు చేసే ఆదేశం అన్నిటికీ ఉంది. అయితే ఆ పని ముగిశాక మిగతా మోడళ్లు ఒక జెండాను దించుతాయి, 11/20 దాన్ని ముట్టుకోదు. రిజిస్టరులోని అంకెను, అదే రిజిస్టరు చూపించే చోట దాచి, రిజిస్టరును ముందుకు జరపమంటే 11/20 జరిపిన తర్వాతి అంకెను దాస్తుంది, 11/45 జరపకముందు అంకెను దాస్తుంది. ఇలాంటి వాక్యం రాస్తే అసెంబ్లర్ పక్కన 'జడ్' అనే అక్షరం వేస్తుంది. ఇది కుటుంబంలో అందరికీ ఒకే అర్థం ఇవ్వదు సుమా అని దాని హెచ్చరిక.

బ్యాంకువాడిగా నాకు బాగా నచ్చింది వ్యాపార ఆదేశాల కట్ట. పది పైసలను రెండంకెల లెక్కలో కచ్చితంగా భిన్నంగా రాయలేం. అందుకని 31 స్థానాల దాకా దశాంశ సంఖ్యలను నేరుగా కూడే ఆదేశాలను 11/44 వంటి వాటికి అమ్మారు. తర్వాత వచ్చిన 11/73లో అవి లేవు. తర్వాత వచ్చినదానిలో అన్నీ ఉంటాయని నమ్మేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు ఇంటి సంగతి. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. అక్కడ ఈసీఐఎల్ 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 అనే మన దేశపు మినీ కంప్యూటర్లను తయారుచేసిందని చెప్పి, ఆ పక్క పోతే చూసి రమ్మన్నాను. ఆమె బదులు చెప్పింది ఇంగ్లీషులో. రెండు మూడు నెలలుగా అంతే. గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపడింది.

"నాయనా, నేను 'యాడికి పోతా ఉండారు' అంటే ఆఫీసులో నగతారు. మనది తప్పు తెలుగంట."

నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఊత్తంగరైలో అంగడికి పోతే తమిళం, బడికి పోతే తమిళం. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక తెలుగు బడికి పోయే బిడ్డలకూ తమిళం తప్పనిసరి అయింది. తమిళం మనకు అన్నం పెట్టే భాష, దానితో నాకు పేచీ లేదు. కానీ తెలుగుకు మిగిలింది ఇల్లొక్కటే. ఆ ఇంటి తెలుగును తెలుగువాళ్లే నవ్వి నోరు మూయిస్తే, తర్వాత మాట్లాడేదెవరు?

అప్పుడే ఆ చేతిపుస్తకం మళ్లీ తీశాను. అందులో మోడళ్ల తేడాల పట్టిక ఒకటుంది. ఎడమవైపు వరుసగా నడవడికలు, పైన మోడళ్ల పేర్లు, కింద గుర్తులు. ఇది ఒప్పు, అది తప్పు అన్న మాటే లేదు. ఈ మోడల్ ఇలా చేస్తుంది, ఆ మోడల్ అలా చేస్తుంది, అంతే. అందరూ పీడీపీ-11లే.

మనం కూడా అలాంటి పట్టిక ఎందుకు వేసుకోకూడదు? 'అవ్వ' అంటే మనకు అమ్మమ్మో నాయనమ్మో, తెలంగాణలో కన్నతల్లి. పిలుపు ఒకటే, లేచే జెండా వేరు. కోస్తాలో గేదె, తెలంగాణలో బర్రె, మన దగ్గర ఎనుము. పాత కావ్యాలు చదివినవాళ్లకు ఎనుము కొత్త మాట కాదు. కొత్త మోడళ్లు వదిలేసిన ఆదేశం పాత మోడల్లో బతికే ఉందన్నమాట.

ఈ మాటే అమ్మాయికి చెప్పాను. "అయితే నేను 11/20నా నాయనా?" అని నవ్వింది. తెలుగులోనే నవ్వింది. అయినా ఆఫీసులో ఎలా మాట్లాడుతుందో నాకు తెలియదు. అది ఆమె తేల్చుకోవాల్సిన విషయం.

నేను చేయగలిగింది ఒక రూళ్ల నోటుపుస్తకం. పైన హోసూరు, దెంకణికోట, కృష్ణగిరి, బర్గూరు, ఊత్తంగరై అని గళ్లు గీశాను. ఎడమవైపు ఇప్పటికి నూట పన్నెండు మాటలు చేరాయి. ఊత్తంగరై గడి నిండింది. మిగతా గళ్లు ఖాళీగా ఉన్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, వాళ్లు ఉండగానే అడిగి రాసి పంపండి.