అంకె వెనుక మాట

అంకెలకు భాష లేదని సామాన్యంగా భావిస్తారు. '8' అనే గుర్తు ఏ పత్రంలోనైనా ఒకటే. రాయపూర్ రైల్వే స్టేషనుకు సమీపంలోని గుఢియారీలో ఆ గుర్తును గోడమీద చూసిన హిందీ పాఠకుడు 'ఆఠ్' అని చదువుతాడు. ఆ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబంలోని పెద్ద 'ఎనిమిది' అంటాడు. వ్యాకరణం అనుసరించేది ఈ పలికే మాటనే. బహుభాషా పత్రాలను కంప్యూటరుతో కూర్చేవారు మొదట గ్రహించవలసిన విషయం ఇది.

గ్రంథాలలోనూ చట్టాలలోనూ ఫలానా ప్రకరణం చూడవలసిందనే సూచనలు అడుగడుగునా ఉంటాయి. పూర్వం మధ్యలో ఒక ప్రకరణం కొత్తగా చేరితే ఆ సంఖ్యలన్నింటినీ చేతితో దిద్దవలసివచ్చేది. డోనాల్డ్ నూత్ 1978లో వెలువరించిన 'టెక్', దాని ఆధారంగా లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన 'లేటెక్' ఈ శ్రమను తొలగించాయి. రచయిత ప్రతి ప్రకరణానికి ఒక గుర్తింపు పేరు పెడతాడు. యంత్రం మొదటిసారి నడిచినప్పుడు సంఖ్యలను వేరొక ఫైలులో రాసుకొని, రెండవసారి వాటిని తగిన తావులలో నింపుతుంది. సంఖ్య తనంతట తాను మారుతుంది. పక్కనున్న మాట మారదు. చిక్కు అక్కడే ఉంది.

ఇంగ్లీషులోని 'ది' వంటి ఉపపదం హంగేరియన్ భాషలో హల్లుకు ముందు 'అ', అచ్చుకు ముందు 'అజ్' అవుతుంది. ఆ భాషలో నాలుగుకు పేరు హల్లుతోను, ఐదుకు పేరు అచ్చుతోను మొదలవుతాయి. కనుక నాలుగవ ప్రకరణం ఐదవదైతే ఉపపదం కూడా మారాలి. అందుకే ఆ భాషకై రూపొందిన లేటెక్ సామగ్రిలో సంఖ్యను పరిశీలించి తగిన ఉపపదాన్ని ఎంచుకొనే ఆజ్ఞలను చేర్చారు.

తెలుగులో ఉపపదాలు లేవు. ఇదే చిక్కు విభక్తుల రూపంలో ఎదురవుతుంది. ఇ, ఈ, ఐలతో ముగిసే మాటలకు 'కి', తక్కినవాటికి 'కు' చేరడం సంప్రదాయం. అందువల్ల '8కి', '20కి' అయినా '3కు', '7కు' అని రాయాలి. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి దొంగతనాన్ని 378వ సెక్షనులో నిర్వచించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ నిర్వచనం 303వ సెక్షనులో ఉంది. సంఖ్యను మాత్రమే మారిస్తే '378కి' అన్నది '303కి' అవుతుంది, కావలసినది '303కు'.

వ్యవహారంలో ఈ తేడాను చూసీ చూడనట్లు వదిలివేయవచ్చు. యంత్రం సంఖ్యతోపాటు నామవాచకాన్ని కూడా అందించినప్పుడు లోపం దాగదు. 'పట్టిక'కు 'కు' చేర్చితే చాలు. 'పటం' మాత్రం 'పటానికి' కావాలి. 'పటంకు' తెలుగు కాదు. హిందీలో 'తాలికా' స్త్రీలింగం, 'చిత్ర్' పుంలింగం. ఒకటి 'దీ గయీ' అయితే మరొకటి 'దియా గయా'. పేరు మారితే చుట్టూ ఉన్న వాక్యమే మారాలి.

ఇది కేవలం అందచందాలకు సంబంధించిన విషయం కాదు. కేంద్ర చట్టాల ప్రాంతీయ భాషానువాదాలు రాష్ట్రపతి అధికారంతో ప్రకటితమైతే ప్రామాణిక పాఠాలవుతాయని 1973 నాటి చట్టం నిర్దేశించింది. అంటే ఆ తెలుగు వాక్యం కూడా శాసనమే. యంత్రానికి అనుకూలమని 'సెక్షను 303 యొక్క', 'పటం 4 కు' అంటూ రాసుకుంటూ పోతే, తన హక్కును తెలుసుకోగోరిన పౌరుడు తన భాషనే తడబడుతూ చదవవలసివస్తుంది.

ఉపాయం తెలుగు నుడికారంలోనే ఉంది. '303వ సెక్షనుకు' అని రాస్తే సంఖ్య ఏదైనా 'వ' మారదు. విభక్తి భారాన్ని సెక్షను అనే మాట మోస్తుంది. యంత్రం సంఖ్యను మాత్రం నింపాలి, నామవాచకాన్నీ విభక్తినీ అనువాదకుడే రాయాలి. చివరి ప్రతి సిద్ధమయ్యాక, సంఖ్యలున్న ప్రతి వాక్యాన్నీ ఆ భాష తెలిసినవారు ఒకసారి పైకి చదివి చూడాలి.